బెదరిన గేదె ఎందుకు చేపదు?

దూడను విడువగానే చేపు గేదె, కుక్క మీదికి వచ్చినను, కొత్త మనిషి పితుక కూర్చున్నను ఎగచేపుట గోదావరి డెల్టాలోని పాడి రైతులెరిగినదే. ఇది గేదె మొండితనము కాదు.

దూడ మూతి తగులగానే చనుకట్టులోని నరములు ఆ సంగతిని మెదడునకు చేర్చును. మెదడు అడుగున గల పిట్యూటరీ గ్రంథి ఆక్సిటోసిన్ అను హార్మోనును రక్తములోనికి విడుచును. అది పొదుగును చేరి పాల తిత్తులను పిండగా పాలు దిగును. గేదెకు ఇందుకు సుమారు 2 నిమిషములు పట్టును.

గేదె బెదరినచో మెదడు ఆక్సిటోసిన్‌ను సరిగా విడువదు. పైగా నరములు మూత్రపిండముల చెంతనున్న అడ్రినల్ గ్రంథులను పురికొల్పును. వాటినుండి వచ్చు అడ్రినలిన్ గుండె వేగమును పెంచి, పొదుగునకు పోవు రక్తనాళములను కుదించును. ప్రాణము కాచుకొనుటకు దేహము చేసికొను ఏర్పాటిది. పాలు మాత్రము పొదుగులోనే నిలిచిపోవును.

కావున రైతు సోదరులు వేళను, పితుకు మనిషిని తరచు మార్చరాదు. గేదెను కొట్టరాదు. పొదుగు కడిగి, నిమిరి, చేపువరకు ఓపిక పట్టవలెను. చేపిన పిమ్మట ఆపక పితుకవలెను. పశువైద్యుని సలహా లేనిదే ఆక్సిటోసిన్ సూది వేయరాదు. పాలకొరకు పశువునకు హాని చేయు సూదులను 1960 నాటి జంతుహింస నివారణ చట్టము నిషేధించినది.