మూలుగ ఇచ్చిన తమ్ముని నిందించవచ్చునా?

లుకేమియా అనే రక్త కేన్సరు వచ్చిన కొందరికి వైద్యులు మూలుగ మార్పిడి చేస్తారు. రోగి ఎముకల్లోని చెడిన మూలుగను ఘాటైన మందులతో, కొన్నిసార్లు రేడియేషనుతో నాశనం చేసి, ఆరోగ్యవంతుని మూలుగను సెలైను ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు. దాత కోసం ముందుగా తోడబుట్టినవారినే పరీక్షిస్తారు. కొత్త మూలుగ కుదురుకుంటే, అప్పటినుండి రోగి ఒంట్లో పారే రక్తం దాత కణాలనుండి పుట్టినదే.

ఇంత చేసినా జబ్బు తిరగబెట్టవచ్చు. సాధారణంగా అది పాత జబ్బే. చావక మిగిలిన రోగి కణాలే మరల పెరుగుతాయి. అయితే బహు అరుదుగా, దాత ఇచ్చిన కణాలే రోగి ఒంట్లో కేన్సరుగా మారతాయి.

ఈ సంగతిని 1971లో అమెరికాలోని సియాటిల్ వైద్యులు మొదటిసారి తెలియజేశారు. 16 ఏండ్ల అమ్మాయికి ఆమె సహోదరుని మూలుగ ఎక్కించారు. 62వ రోజున లుకేమియా మళ్లీ కనబడింది. పరీక్షిస్తే ఆ కేన్సరు కణాల్లో మగవారికుండే వై క్రోమోజోము ఉంది. అవి ఆమె సహోదరుని కణాలు! ఆ బృందంలోని డాక్టర్ డొనాల్ థామస్‌కు మూలుగ మార్పిడిలో చేసిన కృషికి 1990లో నోబెల్ బహుమతి లభించింది.

అలాగైతే దాత రోగిష్టియా? చాలామంది దాతలు తరువాత కూడా ఆరోగ్యంగానే ఉంటారు. కొందరి మూలుగలో, ముఖ్యంగా వయసు మళ్లినవారిలో, ఏ లక్షణమూ చూపని లోపమున్న కణాలు దాగి ఉంటాయి. రోగి ఒంట్లో రోగనిరోధక శక్తి సన్నగిల్లి ఉంటుంది. పైగా ఎక్కించిన కొద్ది కణాలే త్వరత్వరగా పెరిగి రక్తమంతా తయారుచేయాలి. ఆ ఒత్తిడిలో లోపం ముదురుతుందని వైద్యులు భావిస్తున్నారు. కొన్ని కుటుంబాల్లో ఇట్టి లోపం వంశపారంపర్యంగా కూడా వస్తుంది.

గనుక జబ్బు తిరగబెట్టినప్పుడు, ఆ కణాలు ఎవరివో తేల్చే డి.ఎన్.ఎ. పరీక్ష గురించి వైద్యుని అడగండి. దాతవే అని తేలితే, రెండవ మార్పిడికి వేరొక దాతను వెదకవలసి రావచ్చు. మొదటి దాతకు కూడా రక్తపరీక్షలు చేయించండి. అతని క్షేమం కొరకే ఆ జాగ్రత్త.

తలిదండ్రులారా, "నీ మూలుగే దాని ప్రాణం మీదికి తెచ్చింది" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రానీయకండి. ఇచ్చిననాడు ఆ లోపం సంగతి ఆ పిల్లవానికి తెలియదు. అక్క బ్రతకాలనే తన ఎముకలోనిది ఇచ్చాడు.