అడిగింది ఒక్క బ్యాంకును... ఫోన్లు పదిమంది నుంచి!

జఫర్‌గఢ్‌లో ఉన్న రెండు గుంటల జాగాలో ఇల్లు కట్టుకుందామని ఒకాయన జనగామకో హనుమకొండకో పోయి బ్యాంకులో అర్జీ పెట్టుకున్నాడనుకోండి. దస్తావేజు, పాన్ కార్డు, ఆర్నెల్ల స్టేట్‌మెంటు ఇచ్చి ఇంటికొస్తాడు. రెండు రోజులు తిరగకముందే మొదలవుతాయి ఫోన్లు. "సార్, మీకు హోమ్ లోన్ ప్రీ అప్రూవ్ అయింది, వడ్డీ చాలా తక్కువ!" "నేనెప్పుడు అడిగిన? నా నంబర్ నీకెవలిచ్చిండ్రు?" అంటే అటు నుంచి జవాబుండదు.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొంటున్న మన పిల్లలకూ ఇదే గోల. అక్కడ దీనికో పేరు కూడా ఉంది, ట్రిగ్గర్ లీడ్. ఇంటి అప్పు అడగ్గానే ఆ సంస్థ మీ క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుంటుంది. 'ఫలానా మనిషి అప్పు కోసం తిరుగుతున్నాడు' అన్న ఆ కబురునే క్రెడిట్ బ్యూరోలు వేరే అప్పుల కంపెనీలకు అమ్ముకునేవి. దొంగతనంగా కాదు, చట్టం ఒప్పుకున్న పద్ధతిలోనే! ఫోన్ చేసినవాళ్లలో కొందరు అసలు బ్యాంకు తామే అన్నట్టు మాట్లాడటంతో జనం అయోమయంలో పడేవారు.

దీనికి అమెరికా 2025 సెప్టెంబరు 5న కళ్లెం వేసింది. 'హోమ్‌బయ్యర్స్ ప్రైవసీ ప్రొటెక్షన్' చట్టం 2026 మార్చి నుంచి అమల్లోకి వచ్చేలా చేశారు. దీని ప్రకారం గట్టి రుణ ఆఫర్ ఇవ్వగలిగినవాళ్లకే ఆ కబురు చేరాలి. అదీ కొనేవారు స్వయంగా ఒప్పుకున్నా, ఇప్పటికే వాళ్ల ఇంటి అప్పు ఆ సంస్థ దగ్గర ఉన్నా, లేదా వాళ్ల ఖాతా ఉన్న బ్యాంకో క్రెడిట్ యూనియనో అయినా మాత్రమే. మిగతావాళ్లకు తలుపు మూసినట్టే.

మరి మన సంగతి? అక్కడి బ్యూరోల పేర్లే ఇక్కడా వినిపిస్తాయి. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, వీటికి తోడు క్రిఫ్ హైమార్క్. మన 2005 నాటి చట్టం ప్రకారం రిపోర్టును ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వడానికి లేదు. కానీ నంబరు బయటికి పోవడానికి వేరే దారులున్నాయి. అప్పు ఇప్పించే ఏజెంట్లు ఒక దారి. 'మీకెంత లోన్ వస్తుందో చూసుకోండి' అనే వెబ్‌సైట్లు ఇంకో దారి. అక్కడ చదవకుండా కొట్టే ఒక్క టిక్కు చాలు, 'మా భాగస్వాములందరూ ఫోన్ చేయొచ్చు' అని మనమే రాసిచ్చినట్టు. అది చూపించి డీఎన్‌డీ ఉన్నవాళ్లకు కూడా ఫోన్ చేస్తారు.

ఏజెంటు చేసిన పనికి బ్యాంకుదే బాధ్యత అని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. బాగానే ఉంది. కానీ నంబరు ఏ ఏజెంటు చేతిలోంచి జారిందో రుజువు చేసేదెవరు? అమెరికా చట్టం కబురు బయటికి పోకుండానే ఆపుతోంది. మన నిబంధనలు ఎక్కువగా ఫోన్ వచ్చాక ఫిర్యాదు చేసుకోమంటున్నాయి. పొలం పని వదిలేసి 1909కి ఫోన్ చేస్తూ కూర్చునే తీరిక ఎవరికుంది?

అయినా ఉన్న ఆయుధాలను వదలొద్దు. ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలి. మామూలు పదంకెల మొబైల్ నుంచి లోన్ అమ్మజూపితే అది నిబంధనలకు విరుద్ధమే. 2025లో ట్రాయ్ చేసిన మార్పుతో ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేయొచ్చు. మీ క్రెడిట్ రిపోర్టును ఎవరైనా చూస్తే ఎస్సెమ్మెస్సో మెయిలో పంపాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది. అలాంటి మెసేజ్ వస్తే చెరిపేయకండి, మీ దరఖాస్తును ఎవరు తడుముతున్నారో అందులోనే తెలుస్తుంది. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకుని, మీరు అడగని సంస్థ పేరు 'ఎంక్వయిరీ'ల్లో కనిపిస్తే ఆ బ్యూరోకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజులు దాటినా తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం అడగొచ్చు.

ఇంకోటి. 'ఈరోజే ఆఖరు, ముందు ప్రాసెసింగ్ ఫీజు ఫోన్‌పే చెయ్యండి' అన్నారా, పెట్టేయండి ఫోన్. పైసలు పోతే వెంటనే 1930కి చెప్పాలి. నిజమైన ఆఫరే అయితే వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి ఎంత పడుతుందో చూపే 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' ఇవ్వాలి. 2024 అక్టోబరు 1 తర్వాత మంజూరైన కొత్త రిటైల్ అప్పులన్నిటికీ ఇది తప్పనిసరి. ఇంటి అప్పులాంటి వాటికి ఆ కాగితం కనీసం మూడు పనిదినాలు చెల్లుతుంది కాబట్టి, ఇంటికి తెచ్చుకుని, నలుగురికీ చూపించి, అప్పుడు సంతకం పెట్టొచ్చు.