గ్రామీణ పేదలకు పక్కా ఇళ్లు: అర్హుల ఎంపికలో గ్రామసభ పాత్ర

గ్రామీణ నిరుపేదలకు గృహవసతి కల్పించే లక్ష్యంతో 1985-86లో ప్రారంభమైన ఇందిరా ఆవాస్ యోజనను కేంద్ర ప్రభుత్వం 2016 ఏప్రిల్ 1 నుండి ప్రధానమంత్రి ఆవాస్ యోజన (గ్రామీణ్)గా పునర్వ్యవస్థీకరించింది.

ఈ పథకం క్రింద వంటకు ప్రత్యేక స్థలంతో సహా కనీసం 25 చదరపు మీటర్ల ఇంటి నిర్మాణానికి మైదాన ప్రాంతాలలో రూ.1.20 లక్షలు, కొండ ప్రాంతాలలో రూ.1.30 లక్షలు సహాయంగా నిర్ణయించారు. నిర్మాణ దశలను బట్టి ఈ మొత్తం విడతలవారీగా లబ్ధిదారుల బ్యాంకు ఖాతాలలో నేరుగా జమ అవుతుంది.

అర్హుల తొలి జాబితాను 2011 సామాజిక, ఆర్థిక, కుల గణన ఆధారంగా రూపొందించారు. అయితే గ్రామసభ పరిశీలించనిదే ఏ జాబితా తుదిరూపు పొందదు. గణన తరువాత పక్కా ఇల్లు కట్టుకున్నవారు, ఇతర పథకాలలో ఇల్లు పొందినవారి పేర్లను గ్రామసభ తొలగించవచ్చు. అందుకు కారణాలను తీర్మానంలో నమోదు చేయాలి. తొలగింపుపై అభ్యంతరమున్నవారు జిల్లాస్థాయి అప్పీలు కమిటీకి విన్నవించుకోవచ్చు.

అర్హత ఉండీ 2011 గణన జాబితాలో చోటు దక్కని కుటుంబాల వివరాలను 2018-19లో ఆవాస్ ప్లస్ సర్వే ద్వారా సేకరించారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం పథకాన్ని 2028-29 వరకు పొడిగించి, అదనంగా 2 కోట్ల ఇళ్ల నిర్మాణానికి ఆమోదం తెలిపింది.

ఒక్క పేరు తప్పిపోయినా ఒక కుటుంబం ఏళ్ల తరబడి పూరిగుడిసెకే పరిమితం కావలసి వస్తుంది. కావున ఇల్లు లేని ప్రతి కుటుంబమూ గ్రామసభకు హాజరై, జాబితాలో తమ పేరును సరిచూసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.