మరొక్క సంవత్సరం

లూకా సువార్త 13వ అధ్యాయంలోని అంజూరపు చెట్టు ఉపమానం విశ్వాసులందరికీ సుపరిచితమే. మూడేళ్లుగా కాయని చెట్టును నరికేయమంటాడు యజమాని. మరొక్క సంవత్సరం ఆగమని ప్రాధేయపడతాడు తోటమాలి. మనం సాధారణంగా ఆ గడువు దగ్గరే ఆగి దేవుని దీర్ఘశాంతాన్ని స్తుతిస్తాం. కాని తోటమాలి అడిగింది గడువు ఒక్కటే కాదు. చుట్టూ తవ్వుతానని, ఎరువు వేస్తానని తన వంతు పని కూడా తలకెత్తుకున్నాడు. ఆ పని లేకపోతే నాలుగో ఏడు కూడా మొదటి మూడేళ్లలాగే గడిచిపోయేది.

మన దేశంలో పిల్లల చదువు గురించి ఏళ్ల తరబడి సాగుతున్న ఒక చర్చకు ఈ ఉపమానం చాలా దగ్గరగా ఉంది. చదువులో వెనుకబడ్డ పిల్లవాణ్ణి పై తరగతికి పంపాలా, అదే తరగతిలో మరో ఏడాది ఉంచాలా అన్నదే ఆ చర్చ. 2010 ఏప్రిల్‌ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఎవరినీ ఫెయిల్‌ చేసి ఆపకూడదని, బడి నుంచి తీసేయకూడదని చెప్పింది. 2019లో వచ్చిన సవరణ ఈ నిబంధనను సడలించింది. ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టాలి. తప్పినవారికి రెండు నెలల్లోగా మరో అవకాశమివ్వాలి. అప్పుడూ తప్పితే అదే తరగతిలో ఉంచవచ్చు. 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం తన పరిధిలోని కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ, సైనిక్‌ పాఠశాలల వంటివాటికి ఈ పద్ధతిని తెచ్చింది. తాము మాత్రం పాత విధానంలోనే సాగుతామని తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది.

ఈ చర్చలో రెండు వైపులా న్యాయముంది. ఫెయిలైన పిల్లవాడు తనకన్నా చిన్నవాళ్ల మధ్య కూర్చోలేక సిగ్గుతో చితికిపోతాడు. పేదింట్లో అయితే ఆ ఫలితంతోనే చదువు ఆగిపోతుంది. కొడుకు కూలికి పోతాడు, కూతురు తమ్ముళ్లను చూసుకుంటూ ఇంట్లో ఉండిపోతుంది. అందుకే ఆపవద్దన్నారు. మరోవైపు, చదవడం రాకుండానే ఏటా పైతరగతికి వెళ్లినవాడు పదో తరగతి పబ్లిక్‌ పరీక్ష ముందు నిస్సహాయంగా నిలబడుతున్నాడు. అందుకే ఆపాలన్నారు. ప్రథమ్‌ సంస్థ గ్రామీణ ప్రాంతాల్లో ఇంటింటికీ తిరిగి జరిపే అసర్‌ సర్వే ప్రకారం, 2024లో దేశంలోని ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి చదువుతున్న పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 44.8 శాతమే. 2022లో అది 38.5 శాతం. కాస్త మెరుగుపడ్డామని సంతోషించినా, సగానికి పైగా పిల్లలు ఆ పాఠాన్ని చదవలేకపోయారన్నది చేదునిజం.

అయితే పైకి పంపడమూ, కింద ఉంచడమూ రెండూ గడువుకు సంబంధించినవే. తవ్వేదెవరు, ఎరువు వేసేదెవరు అన్నదే అసలు ప్రశ్న. గుణింతాలు రాని బిడ్డకు అదే పుస్తకం, అదే పాఠం, అదే పద్ధతిలో మరో ఏడాది చెబితే కొత్తగా ఏం వస్తుంది? తరగతిని బట్టి కాక, వచ్చిన చదువును బట్టి పిల్లల్ని రోజూ కాసేపు జట్లుగా కూర్చోబెట్టి, అక్షరం రానివారికి అక్షరం, మాట రానివారికి మాట నేర్పే పద్ధతి ప్రథమ్‌ చేతుల్లో మంచి ఫలితాలిచ్చింది. 2024 నిబంధనలు కూడా ఆగిపోయిన పిల్లవాడి లోపమెక్కడుందో గుర్తించి, అవసరమైతే తల్లిదండ్రులను కూడా కలుపుకొని సాయం చేసే బాధ్యతను తరగతి ఉపాధ్యాయుడిపై పెట్టాయి. ఎనిమిదో తరగతి ముగిసేదాకా ఎవరినీ బడి నుంచి తీసేయరాదన్న నియమమూ అలాగే ఉంది. అంటే గొడ్డలి పక్కన పెట్టారు. ఇక మిగిలింది పలుగూ పారా పట్టుకోవడమే.

ఇది బడిపంతుళ్ల పని, మనకేమిటని చర్చి తప్పించుకోగలదా? సండేస్కూలు పుట్టిందే ఈ అవసరంలోంచి. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌ పట్టణంలో పత్రికాధిపతి రాబర్ట్‌ రైక్స్‌ పేదపిల్లల కోసం ఆదివారం బడి తెరిపించాడు. వారమంతా పనిచేసే పిల్లలకు ఆదివారం ఒక్కటే తీరిక. వాక్యంతోపాటు ఆ వాక్యాన్ని సొంతంగా చదువుకోగల అక్షరజ్ఞానాన్ని కూడా ఆ బడి నేర్పింది.

ఈనాడు మన సండేస్కూళ్లలో కంఠతవాక్యం గడగడా అప్పజెప్పిన బిడ్డకు బహుమతి ఇస్తున్నాం. అదే బిడ్డ చేతికి బైబిలిచ్చి, ఎన్నడూ వినని ఒక వచనం చదవమని అడుగుతున్నామా? ఒత్తులున్న మాట దగ్గర ఆగిపోయి తల దించుకునే చిన్నారులు మన సంఘాల్లోనూ ఉన్నారు. ఫలితాలొచ్చిన వారం ర్యాంకు తెచ్చుకున్నవారిని ముందుకు పిలిచి చప్పట్లు కొడతాం. తప్పినవారు ఆ ఆదివారం మందిరానికే రారు. వారి ఇంటికి వెళ్లేదెవరు?

ప్రతి సంఘంలో రిటైరైన టీచర్లున్నారు, డిగ్రీ చదివే యవనస్థులున్నారు, వారంలో చాలారోజులు తాళం వేసి ఉండే హాలు కూడా ఉంది. సాయంత్రం ఒక గంట ఆ తాళం తీస్తే చాలు. ఏ మతమని, ఏ కులమని అడగకుండా వీధిలో వెనుకబడ్డ పిల్లల్ని కూర్చోబెట్టుకుని వేలు పెట్టి చదివించవచ్చు. ఒక్కొక్కరు ఇద్దరు పిల్లల బాధ్యత తీసుకున్నా ఆ గ్రామంలో ఎన్నో జీవితాలు నిలబడతాయి. చెట్టు కాయడం లేదని చెప్పేవారికి మన మధ్య కొదువ లేదు. వంగి మట్టి తవ్వేవారే కావాలి.