రక్తపు పోటు, చక్కెర వ్యాధి: సభ్యులు తెలుసుకొనవలసిన విషయాలు

మనం సంఘంలో పోసే పాలలో వెన్న శాతం ఎంతో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. పూటపూటా పరీక్ష చేయవలసిందే. రక్తపు పోటు, రక్తంలోని చక్కెర కూడా అటువంటివే. మనిషి పుష్టిగా కనిపిస్తూ, గడ్డిమోపులు మోస్తూ, ఏళ్ల తరబడి ఈ రెండింటినీ లోపల పెట్టుకొని తిరుగుతూ ఉండవచ్చును.

ఇవి పట్నవాసపు జబ్బులనీ, ఒళ్లు వంచి పనిచేసేవారికి రావనీ సభ్యులలో ఇంకా చాలామంది అంటున్నారు. ఇది సరి కాదు. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 2003-04లో ఒక ఏడాది మరణాలను పరిశీలించగా, నూటికి 32 గుండె జబ్బు, పక్షవాతం వంటి రక్తప్రసరణ సంబంధమైన వ్యాధుల వల్లనే అని తేలింది. దేశం మొత్తం మీద 10 కోట్ల మందికి మధుమేహం, 31 కోట్ల మందికి రక్తపు పోటు ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా కట్టింది.

వేరు వేరు రోజులలో చూసినప్పుడు పోటు 140/90 గాని, అంతకు మించి గాని ఉంటే వైద్యుని సలహా తీసుకోవాలి. రాత్రి భోజనం తరువాత కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా తీసిన రక్తంలో చక్కెర 126 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే అది మధుమేహం కింద లెక్క. మరొకసారి చూపించి నిర్ధారణ చేసుకోవడం మంచిది. 30 ఏళ్లు దాటినవారికి ఈ పరీక్షలు ఆరోగ్య ఉపకేంద్రంలో ఉచితంగా చేస్తారు.

పశువులున్న ఇంట పాదాల సంగతి ముఖ్యంగా గమనించాలి. చక్కెర చాలాకాలం అదుపులో లేకపోతే అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది. తుమ్మముల్లు దిగినా, గేదె కాలు తొక్కినా నొప్పి తెలియదు. ఆ పుండు మీద పేడ, మూత్రం పడి చీము పడుతుంది. చివరకు కాలే తీసివేయవలసి రావచ్చును. కాబట్టి చెప్పులు లేకుండా పాకలోకి పోరాదు. రాత్రి కాళ్లు కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, దీపం దగ్గర అరికాళ్లు చూసుకోవాలి. కళ్లు ఆననివారు ఇంట్లో పిల్లల చేత చూపించుకోవాలి.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అనగా ఒక టీ చెమ్చాకు మించరాదు. మన ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, ఎండుచేపలు ఉన్నచోట ఈ లెక్క నిలవడం కష్టమే. పాలు మానాలా అని చాలామంది అడుగుతారు. మానవలసిన పని లేదు, అందులో పంచదార మానితే చాలును.

పోటు తగ్గింది గదా అని మాత్రలు మానివేయడం అన్నిటికంటె పెద్ద పొరపాటు. తగ్గినది మాత్ర వల్లనే. వైద్యుడు చెప్పనిదే ఆపరాదు.

సర్వసభ్య సమావేశాలలో బోనసు మీద రెండు గంటలు చర్చిస్తాము. ఆ బోనసు పంచే రోజుననే ఉపకేంద్రం నర్సమ్మగారిని పిలిపించి సభ్యులందరికీ పరీక్షలు చేయించవచ్చును. పాలు పిండేది, పేడ ఎత్తేది ఎక్కువగా ఆడవారే అయినా, పరీక్షకు మగవారిని పంపి తాము ఇంటివద్దనే ఉండిపోతారు. పాలకవర్గం వారు ఇంటింటికీ కబురు పంపి వారిని కూడా పిలవాలి. పొద్దున్నే పాలు పోయడానికి వచ్చేటప్పుడు టీ తాగకుండా రమ్మని ముందురోజు సాయంత్రమే చెప్పి ఉంచాలి.