వ్యాఖ్యలో లంకె: ప్రచారమా, విమర్శా?

ప్రచారం అన్న మాట వినగానే సాహిత్యకారులలో చాలామంది ముఖం చిట్లిస్తారు. కానీ పాఠకుణ్ణి చేరని రచనకు సామాజిక ప్రయోజనం ఉండదు. కనుక పాఠకుణ్ణి చేరడమెలా అన్న ప్రశ్న రచయిత నామోషీ పడవలసింది కాదు. చేరడానికి ఎంచుకొన్న మార్గం ఎవరి శ్రమ మీద నడుస్తోంది, ఎవరి చోటును ఆక్రమిస్తోంది అన్నదే మనం తేల్చుకోవలసిన విషయం.

నేను కూచిపూడిలో ఉంటూ యక్షగానాల గురించి, కలాపాల గురించి ఒక చిన్న వెబ్‌సైటులో రాస్తుంటాను. మా ఊరి పేరు పెట్టి వెతికితే పెద్ద సంస్థల పేజీలూ, నాట్యదుస్తులూ నగలూ అమ్మే దుకాణాలూ ముందు వరసలో కనిపిస్తాయి. ఊళ్లోంచి రాసేవాడి వ్యాసం ఎక్కడో అడుగున ఉంటుంది. ఇలాంటి స్థితిలో ఉన్న రచయితకు తరచుగా వినిపించే సలహా ఒకటుంది: ‘నలుగురి బ్లాగులకూ వెళ్లి వ్యాఖ్యలు రాయి, కింద నీ సైటు లంకె పెట్టు.’ ఈ సలహాలో నిజమెంత, భ్రమ ఎంత అన్నది పరిశీలిద్దాం.

ఈ సలహా ఎక్కడ పుట్టిందో తెలియాలంటే సెర్చ్ ఇంజన్ పనితీరు కొంత తెలియాలి. 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఒక పద్ధతిని ప్రతిపాదించారు. ఒక పేజీ నుంచి మరో పేజీకి ఇచ్చిన లంకెను ఒక సిఫారసుగా లెక్కించాలన్నది దాని సారాంశం. ఎక్కువ సిఫారసులు పొందిన పేజీ ఇచ్చే సిఫారసుకు బరువు కూడా ఎక్కువ. పరిశోధకులు తమ వ్యాసాలలో ఇతరులను ఉటంకించే సంప్రదాయానికి ఇది యాంత్రిక రూపం. గూగుల్ ఈ పునాది మీదే లేచింది.

అయితే సిఫారసుకు విలువ కట్టిన చోట సిఫారసుల బజారు కూడా వెలుస్తుంది. బ్లాగుల కింద వ్యాఖ్యల పెట్టెలు ఎవరైనా రాయడానికి వీలుగా తెరిచి ఉండేవి. వ్యాపారులు అక్కడికి చేరారు. చదవకుండానే ‘చాలా బాగుంది’ అని రాసి కింద తమ చిరునామా తగిలించడం మొదలైంది. తర్వాత మనిషి అవసరం కూడా లేకుండా, ఒకే వాక్యాన్ని వేల చోట్ల అంటించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి.

దీనికి విరుగుడుగా 2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎమ్‌ఎస్‌ఎన్ ఒక గుర్తును అంగీకరించాయి. ‘నోఫాలో’ అనే ఆ గుర్తు ఉన్న లంకెను సిఫారసుగా లెక్కించరు. బ్లాగర్, వర్డ్‌ప్రెస్ వంటివి వ్యాఖ్యలలోని లంకెలన్నిటికీ దీన్ని వాటంతటవే తగిలించసాగాయి. 2012 ఏప్రిల్‌లో గూగుల్ ‘పెంగ్విన్’ అనే మార్పు తెచ్చి, కృత్రిమంగా లంకెలు పోగుచేసుకొన్న సైట్లను వెనక్కి నెట్టింది. 2019 సెప్టెంబరులో నోఫాలోను ఆజ్ఞగా కాక సూచనగా చూస్తామని ప్రకటిస్తూ, పాఠకులు రాసిన భాగాలలోని లంకెలకు ‘యూజీసీ’ అనే మరో గుర్తును కూడా చేర్చింది. స్థూలంగా చెప్పాలంటే, వెతుకులాటలో పైకి రావడానికి వ్యాఖ్యలోని లంకె దాదాపు నిరుపయోగం. అయినా ఈ సరుకు అమ్ముడవుతూనే ఉంది. నెలకు ఇన్ని వందల లంకెలు కట్టిపెడతాం, ఇంత ఇవ్వండి అని నాకే ఒక సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. పనిచేయని మందును కూడా ఆశ ఉన్నంతకాలం అమ్మవచ్చు.

తెలుగులో ఈ వ్యవహారం చేసిన నష్టాన్ని ప్రత్యేకంగా గమనించవలసి ఉంది. మన పత్రికారంగం ఎదిగిందే జవాబుల మీద. కొక్కొండ వెంకటరత్నం పంతులు ‘ఆంధ్రభాషా సంజీవని’కీ, 1874లో వీరేశలింగం ప్రారంభించిన ‘వివేకవర్ధని’కీ మధ్య సాగిన వాదప్రతివాదాలు సాహిత్య చరిత్రలో భాగమయ్యాయి. 1998లో మొదలైన ‘ఈమాట’ పత్రికలో రచనల కింద పాఠకుల అభిప్రాయాలు ఆ సంప్రదాయానికి కొనసాగింపే. 2006లో లేఖిని, కూడలి వచ్చాక తెలుగు బ్లాగులు పెరిగాయి. ఒక పద్యానికి అర్థం మీద, ఒక కథలోని దృక్పథం మీద, అసలు టపా కంటే పొడవైన వ్యాఖ్యలు నడిచిన రోజులున్నాయి. అదంతా విమర్శే.

లంకెల కోసం వచ్చేవాళ్లు ఎక్కువైన కొద్దీ బ్లాగు నడిపేవారు వ్యాఖ్యలకు కాపలా పెట్టవలసి వచ్చింది. జీతం లేకుండా, ఉద్యోగం చేసుకొంటూ రాత్రివేళ రాసుకొనే మనిషి, పొద్దున్నే లేచి చెత్త ఏరుకోవాలి. విసిగి కొందరు పెట్టెనే మూసేశారు. లాభం ఒకడిది, శ్రమ ఇంకొకడిది. వాళ్లతోపాటు నిజంగా మాట్లాడాలని వచ్చిన పాఠకుడి నోరు కూడా మూతపడింది. పెద్ద వేదికలకు ఈ కాపలా పనికి ఉద్యోగులున్నారు, యంత్రాలున్నాయి. చిన్న బ్లాగుకు లేరు. కనుక చర్చ కూడా క్రమంగా పెద్ద వేదికల సొత్తు కావడంలో ఈ లంకెల వ్యాపారానికి పాత్ర ఉందనక తప్పదు.

అలాగని వ్యాఖ్య ద్వారా పాఠకులను సంపాదించుకోవడం తప్పని నా వాదన కాదు. మా కలాపంలోనే దీనికి చక్కని ఉదాహరణ ఉంది. భామాకలాపంలో సత్యభామ తన పేరూ గొప్పా తన ప్రవేశ దరువులో తానే చెప్పుకొంటుంది. అది ఆమె చోటు. మాధవి పాత్ర వేసే సూత్రధారుడు మధ్యలో ప్రశ్నిస్తాడు, ఎత్తిపొడుస్తాడు, తెలియనట్టు నటించి భామ చేత విషయం చెప్పిస్తాడు. అతడి ప్రతి మాటా కథను ముందుకు నడిపిస్తుంది. భామ మాట్లాడుతుండగా తన ఇంటి చిరునామా చెప్పడు. అయినా ఆట ముగిశాక, మాధవి ఎవరయ్యా అని జనం అడిగి మరీ తెలుసుకొంటారు. మంచి వ్యాఖ్యాత స్థానం అది.

ఆచరణలో దీని అర్థమేమిటి? భామాకలాపంలో సత్యభామ వేషం మొదటినుంచీ స్త్రీలదే అని ఎవరైనా రాశారనుకొందాం. ‘మంచి టపా, నా సైటు చూడండి’ అంటే అది అడుక్కోవడం. కూచిపూడి భాగవతుల సంప్రదాయంలో స్త్రీ వేషాలు పురుషులే ధరించేవారనీ, వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా పేరుపొందిన సంగతీ రెండు వాక్యాలలో చెప్పి, ‘ఈ విషయం మీద నేను వివరంగా రాసిన వ్యాసం ఇక్కడుంది’ అంటే అది సంభాషణ. లంకె తీసేసినా ఆ వ్యాఖ్య నిలబడుతుంది. ఈ ఒక్క పరీక్ష చాలు.

మిగిలిన నియమాలు దీన్నుంచే వస్తాయి. పూర్తిగా చదివాకే రాయాలి. పేరు రాయవలసిన చోట సరుకు పేరు కాక సొంత పేరు రాయాలి. లంకె తనదైతే తనదని చెప్పాలి. ఒకే వ్యాఖ్యను పది చోట్ల అంటించకూడదు. ఎదుటివారు బదులిస్తే తిరిగి వచ్చి మాట్లాడాలి. ఆ చోటు యజమాని లంకె తొలగిస్తే అది ఆయన హక్కుగా గుర్తించాలి.

ఇలా రాసిన వ్యాఖ్య సెర్చ్ ఇంజన్ లెక్కలో చేరకపోవచ్చు. దాన్ని చదివిన నలుగురిలో ఒకరు రేపు తన వ్యాసంలో మన రచనను ప్రస్తావించి, తనంతట తాను లంకె ఇస్తే, యంత్రం లెక్కించేది ఆ లంకెనే. అంటే అసలు సిఫారసు ఇతర రచయితల చేతిలో ఉంది. ఆ ఇతర రచయితలం మనమే. ఎవరి పరిశోధన వాడుకొన్నామో వారి పేరు చెప్పడానికి మనలో చాలామంది పీనాసితనం చూపుతున్నాం. ఊళ్లలో కూర్చుని రాస్తున్నవారి వ్యాసాలకు మన వ్యాసాలలోంచి దారి చూపిద్దాం. బజారులో లంకెలు కొనుక్కోవలసిన అగత్యం వారికి అప్పుడే తప్పుతుంది.