ప్లాస్మా లోపలి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేదెలా?

కేంద్రక సంలీనంతో విద్యుత్తు తయారుచేయాలంటే హైడ్రోజన్ ఐసోటోపుల ప్లాస్మాను 10 కోట్ల డిగ్రీలకు పైగా వేడిచేయాలి. అంత వేడిని తట్టుకునే పాత్ర లేదు. అందుకే టోకమాక్ అనే గారె ఆకారపు యంత్రంలో అయస్కాంత క్షేత్రమే పాత్రగా పనిచేస్తుంది. అయితే ఆ క్షేత్రం లోపల ఎలా ఉందో తెలుసుకోవడానికి పరికరాన్ని నేరుగా ప్లాస్మా నడిబొడ్డులోకి దించలేం. పరికరం కరిగిపోతుంది, ప్లాస్మా కలుషితమై చల్లబడుతుంది.

ఢిల్లీ ఐఐటీలో 1966లో పీహెచ్‌డీ పూర్తిచేసిన ప్రెధిమన్ క్రిషన్ కావ్, గుజరాత్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థకు వ్యవస్థాపక సంచాలకుడయ్యారు. ఆ సంస్థలో 1989లో ‘ఆదిత్య’ టోకమాక్ పని ప్రారంభించింది. దాని ప్లాస్మా వలయం వ్యాసార్థం 75 సెంటీమీటర్లు, వలయపు అడ్డుకోత వ్యాసార్థం 25 సెంటీమీటర్లు. ఇంత చిన్న యంత్రానికైనా, ఎంత పెద్ద యంత్రానికైనా ఈ చిక్కు ఒకటే.

టోకమాక్‌లో రెండు క్షేత్రాలు కలిసి పనిచేస్తాయి. వలయం పొడవునా సాగే క్షేత్రాన్ని బయటి తీగచుట్టలు సృష్టిస్తాయి. దానికి అడ్డంగా చుట్టుకునే క్షేత్రం ప్రధానంగా ప్లాస్మాలో ప్రవహించే విద్యుత్తు వల్ల పుడుతుంది. రెండూ కలవడంతో క్షేత్ర రేఖలు మోకులోని పురుల్లా మెలితిరుగుతాయి. ఒక రేఖ అడ్డంగా ఒక్క చుట్టు పూర్తిచేసేలోపు వలయం వెంబడి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే సంఖ్యే ‘భద్రతా గుణకం’. అది 2 వంటి చిన్న సంఖ్య అయిన చోట రేఖ కొద్ది చుట్లలోనే తనను తాను కలుసుకుంటుంది. అక్కడ చిన్న అలజడి పెరిగి మొత్తం ప్లాస్మానే కూల్చేయవచ్చు.

కొలత మొదట బయటి నుంచే మొదలవుతుంది. ప్లాస్మా చుట్టూ అమర్చిన చిన్న తీగచుట్టల్లో క్షేత్రం మారినప్పుడల్లా ఫారడే సూత్రం ప్రకారం వోల్టేజి పుడుతుంది. దాన్ని కాలంతో పాటు కూడుకుంటూ పోతే క్షేత్రం విలువ తెలుస్తుంది. రొగోవ్‌స్కీ చుట్ట ప్లాస్మాలోని మొత్తం విద్యుత్ప్రవాహాన్ని చెబుతుంది.

తర్వాత లెక్క. ప్లాస్మా పీడనం బయటికి నెడుతుంది, అయస్కాంత బలం లోపలికి అదుముతుంది. ఈ సమతుల్యాన్ని వివరించేది గ్రాడ్-షఫ్రనోవ్ సమీకరణం. కంప్యూటర్ ముందు లోపలి విద్యుత్ పంపిణీని ఊహించి, అదే నిజమైతే బయటి చుట్టలు ఏం చూపాలో లెక్కగడుతుంది. అసలు కొలతతో తేడా వస్తే ఊహను సవరిస్తుంది. 1980ల్లో అమెరికాలోని జనరల్ అటామిక్స్‌లో రూపొందిన ‘ఈఫిట్’ ప్రోగ్రామ్ చేసేది ఇదే.

పుచ్చకాయను తట్టి చూసి లోపలి పండును అంచనా వేయడం లాంటిదే ఇది. ప్లాస్మా అంచు, ఆకారం బాగానే తెలుస్తాయి. కానీ లోపలి పంపిణీలు వేర్వేరుగా ఉన్నా బయట దాదాపు ఒకే సంకేతం రావచ్చు. ఆదిత్యలో లాంటి గుండ్రని అడ్డుకోత ఉన్న ప్లాస్మాలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. బయటి క్షేత్రాన్ని కొలిచే చుట్టలు పీడనం ప్రభావాన్ని, విద్యుత్ పంపిణీ ప్రభావాన్ని విడదీయకుండా కలిపే చెబుతాయి.

ఈ సందేహాన్ని తీర్చేది కాంతి. వేగంగా దూసుకెళ్లే తటస్థ హైడ్రోజన్ పరమాణువులను ప్లాస్మాలోకి పంపితే, అయస్కాంత క్షేత్రాన్ని దాటేటప్పుడు వాటికి విద్యుత్ క్షేత్రం అనుభవమవుతుంది. దాంతో అవి వెలువరించే వర్ణపట రేఖలు చీలి, ధ్రువణం చెందుతాయి. ఆ ధ్రువణ కోణం నుంచి అక్కడి క్షేత్రం దిశ తెలుస్తుంది. దీన్ని చలన స్టార్క్ ప్రభావం అంటారు. ప్లాస్మా గుండా లేజర్ పంపి, దాని ధ్రువణ తలం ఎంత తిరిగిందో చూడటం మరో పద్ధతి. ఈ కొలతలను కూడా లెక్కలో చేర్చితే సరిపోలని ఊహలు చాలావరకు తొలగిపోతాయి.

భారత్ సహా 7 భాగస్వాములు ఫ్రాన్స్‌లో నిర్మిస్తున్న ఇటర్‌కు ఇది కీలకం. అందులో ప్లాస్మా విద్యుత్తు 1.5 కోట్ల ఆంపియర్లకు చేరాలన్నది లక్ష్యం. అంతటి ప్లాస్మా కూలితే దాని శక్తి క్షణంలో గోడలపై పడుతుంది. పైగా అక్కడి ప్రయోగాలు వందల సెకన్లు సాగుతాయి. అంతసేపు వోల్టేజిని కూడుతూ పోతే చిన్న దోషాలూ పోగుపడతాయి. అందుకే నిలకడ క్షేత్రాన్ని నేరుగా కొలిచే హాల్ సెన్సర్లనూ అక్కడ వాడుతున్నారు. ప్లాస్మా అదుపు తప్పకముందే దాన్ని సరిదిద్దాలంటే, దాని లోపలి మెలిక ఎంతో ఆ క్షణానే తెలియాలి.